అమ్మ వచ్చిందని రాశావు

నర్సంపేట తాలూకా,
8 మార్చి 1981

తమ్ముడు యాకయ్యకు,

నీ ఊరి పేరు సరిగా రాయబోయి ఒక ఇన్‌లాండు కవరు పాడుచేశాను. శివమొగ్గ జిల్లా అన్నావు, సాగర అన్నావు, ఆ తర్వాతి పేరుకు నాకు నోరూ తిరగలేదు, చెయ్యీ తిరగలేదు. వరంగల్లు పశువుల దవాఖానలో హాయిగా ఉన్నవాడివి, ఆ డాక్టరు గారు పిలవగానే సంచి భుజాన వేసుకుని కన్నడ దేశం వెళ్లిపోయావు. పోనీ అక్కడేం చేస్తున్నావయ్యా అంటే, అడవిలో గడ్డి మీద తెల్లగుడ్డ ఈడ్చి పిడుదులు పట్టుకుంటున్నానని రాశావు. ఇది ఉద్యోగమని నలుగురిలో ఎలా చెప్పుకోమంటావు?

ఆ ముక్క చదివి వినిపిస్తే మీ బావ పడీపడీ నవ్వాడు. “పిడుదులకు జీతమిస్తాండ్లా? ఈ మొండయ్య మంద కాడికి రమ్మను మీ తమ్మున్ని, తట్టలకు తట్టలు ఏరుకొని పోతడు” అన్నాడు. నిజమే, ఈ ఏడు పిడుదులు మరీ ఎక్కువగా ఉన్నాయి. గొర్రెల చెవుల్లో అవే, మన పులిగాడి మెడ చుట్టూ అవే. నీ మేనకోడలు పూలమ్మకు అదొక ఆట అయిపోయింది. బడి నుంచి రాగానే ఆ కుక్కను ఒళ్లో పడుకోబెట్టుకుని, పిడుదులు పీకి, బండ మీద పెట్టి బొటనవేలి గోటితో టప్పున చిదుముతుంది. “నేను గూడ మామ నౌకరి చేస్తాన్న” అంటుంది. అంత కుక్క దాని ముందు పిల్లిలా పడుకుంటుంది.

పాకాల అడవిలో కుందేళ్లు ఊరికే చచ్చిపోతున్నాయట. మీ బావ మొన్న ఒకదాన్ని పట్టుకొచ్చాడు. మనిషిని చూసి పరుగెత్తే ఓపిక కూడా లేదు దానికి. కూర వండమన్నాడు. పూలమ్మ ఏడ్చి గోల చేసి దాన్ని గంప కింద పెట్టుకుని పెంచుతోంది.

ఇక అమ్మ సంగతి. చూశావా, అవ్వ అని రాయలేదు. నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు నా ఉత్తరం దోస్తులకు చూపించి “మా అక్క అవ్వ అని రాసిందిరా” అని నవ్వావట కదా. ఏడో తరగతితో బడి మానేసినదాన్నని చులకన. ఆ రోజు నుంచి ఇంట్లో అవ్వ అన్నా కాగితం మీద మాత్రం అమ్మ అనే రాస్తున్నాను. ఆ అమ్మ ఇప్పటికీ మా గడప తొక్కలేదు. పూలమ్మకు కట్టమ్మ అని తన పేరు పెట్టలేదని ఇరవై ఒకటో రోజున విస్తరి ముందు నుంచి లేచి నెక్కొండకు వెళ్లిపోయింది చూడు, అంతే. పిల్లకు ఎనిమిదేళ్లు వచ్చాయి. అమ్మమ్మ ఎలా ఉంటుందని అడిగితే, నా మొహం చూపించి ఇలాగే ఉంటుంది, ఇంకాస్త కోపంగా ఉంటుందని చెబుతున్నాను.

అన్నం వేళకు తింటున్నావా? అక్కడ కారం దొరకకపోతే రాయి, పంపిస్తాను.

నీ అక్క
చిలుకమ్మ


సాగర, శివమొగ్గ జిల్లా
19 మార్చి 1981

అక్కా,

నీ ఉత్తరం చదివితే నువ్వు ఎదురుగా నిలబడి తిట్టినట్టే ఉంది, ప్రాణానికి హాయిగా ఉంది. కారం తప్పకుండా పంపు. వీళ్లు సాంబారులో బెల్లం వేస్తారు. మొదటిరోజు తిని నాకు జ్వరం వచ్చిందనుకున్నాను.

నా ఉద్యోగాన్ని మరీ అంత తీసిపారేయకండి. ఇక్కడ అడవుల్లో కోతులు చచ్చిపోతాయి. ఆ కోతుల మీది పిడుదులు మనుషులకు పడితే, కట్టెలకు పోయినవాళ్లూ పోకచెక్క తోటల్లో పనిచేసేవాళ్లూ జ్వరంతో మంచాన పడతారు. ఏ చోట పిడుదులు ఎక్కువున్నాయో తెలియాలని మేం తెల్లగుడ్డ ఈడుస్తాం. మేక వచ్చిందనుకుని ఎక్కి కూర్చుంటాయి. వాటిని సీసాల్లో పెట్టి డాక్టరు గారికి ఇస్తాం. ఆయన భూతద్దం పెట్టుకుని వాటిని చూస్తుంటే కొత్తపెళ్లికూతురిని చూస్తున్నారేమో అనిపిస్తుంది.

నవ్వులాట కాదు కానీ ఒక మాట విను. పూలమ్మను గోటితో పిడుదులు చిదమనివ్వకు. దాని నెత్తురు గోటి సందుల్లోకి పోతే జ్వరాలొస్తాయి. డాక్టరు గారు మమ్మల్ని ఆ ఒక్క పని చేయనివ్వరు. పట్టకారుతో తీసి కిరసనాయిల్లో వేయండి. ఆ కుందేలును కూడా ఇంట్లో ఉంచవద్దు. దాని చెవులనిండా పిడుదులే ఉంటాయి. మామ చెప్పాడని చెప్పు, అలిగితే రంగు పెన్సిళ్లు తెస్తానని చెప్పు.

అమ్మ ఈమధ్య పెద్దన్న చేత నాకు కార్డు రాయించింది. పాలకుర్తి వైపు సంబంధం చూశారట. నేను ఒక్కటే జవాబు పంపాను. మా అక్కా అమ్మా ఒకే చాప మీద కూర్చుని పసుపు దంచితేనే నేను పెళ్లి పీట మీద కూర్చుంటాను, లేకపోతే ఈ పిడుదులతోనే కాపురం చేస్తానని. అది చదివించుకుని అమ్మ ఏమన్నదో తెలియదు. ఎప్పటికైనా ఆమే దిగివస్తుంది అక్కా. నాకు ఆ ఆశ ఉంది. ఆ రోజు వస్తే ముందు నాకే రాయాలి.

బావకు దండాలు. మంద జాగ్రత్త.

యాకయ్య


నర్సంపేట తాలూకా,
11 ఏప్రిల్ 1981

తమ్ముడు యాకయ్యకు,

అమ్మ వచ్చింది. మా ఇంటికే వచ్చింది.

ఇంతకంటే విప్పి రాయకూడదు. మా అత్తమ్మ సోమక్క పక్కనే కూర్చుంది. నోటితో అనరాదు, చేత్తో రాయరాదు, అమ్మ వచ్చిందని మాత్రం రాయమంటోంది. చెప్పాపెట్టకుండా వచ్చింది. వచ్చినప్పటి నుంచి పూలమ్మను వదలడం లేదు. పిల్ల బడికి పోవడం మానేసింది, దాని లోకం దానిది. ఇంట్లో తాలింపు వేయడం లేదు. బయటివాళ్లను వాకిట్లోకి రానివ్వడం లేదు. కుందేలు చచ్చిపోయింది, నీ ఉత్తరం అందేలోపే.

నాకు భయంగా ఉంది తమ్ముడా. ఎన్నాళ్లుంటుందో, ఏం కోరుకుంటుందో తెలియదు. మీ బావ నిన్నటి నుంచి “నర్సంపేట తోల్కపోత, బండి కడ్త” అని తిరుగుతున్నాడు. అత్తమ్మ వినడం లేదు. “అమ్మ ఇంట్ల ఉండంగ పొలిమేర దాటిపిస్తవా? గుస్స అయితది. అటెన్క నీ ఇష్టం” అంటోంది. ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నాను. చివరికి నీ మాటకు కట్టుబడదామని ఇద్దరినీ ఒప్పించాను. నువ్వు డాక్టర్ల మధ్య తిరుగుతున్నవాడివి, మీ బావకు నువ్వంటే గురి. నర్సంపేట తీసుకుపొమ్మంటావా, ఇంట్లోనే ఉంచమంటావా? వెంటనే రాయి.

కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు కనబడటం లేదు.

చిలుకమ్మ


సాగర
16 ఏప్రిల్ 1981

అక్కా! అక్కా!

నీ ఉత్తరం అందగానే ఇక్కడ గుడ్డలు ఈడ్చే వాళ్లందరికీ చాయ్ తాగించాను. ఎందుకో వాళ్లకు అర్థం కాలేదు. అమ్మ వచ్చిందని చెప్పాను. అందరి ఇళ్లకూ అమ్మలు వస్తారు కదా అన్నారు. మన ఇంటి సంగతి వాళ్లకేం తెలుసు.

నీకు కళ్లలో నీళ్లు తిరిగాయంటే తిరగవా మరి! నాకూ తిరిగాయి. నువ్వేం భయపడకు. కట్టమ్మ తల్లి కరుణించి దిగివచ్చిందంటే మాటలా? నర్సంపేట లేదు, గిర్సంపేట లేదు. బండి కట్టవద్దని, కడితే నేను కోప్పడతానని బావకు చెప్పు. ఈ విషయంలో సోమక్కత్త మాటే నా మాట. ఆమె ఇంత మంచిదని నేననుకోలేదు. వచ్చిన తల్లిని గడప దాటనివ్వకండి. ఎన్నాళ్లు ఉంటానంటే అన్నాళ్లు ఉండనివ్వండి. ఆమె కోపం మనకు తెలియనిది కాదు, ఒక్కసారి మనసు నొచ్చుకుంటే ఇక ఎవరి మాటా వినదు. అందుకే పాత సంగతులేవీ ఎత్తవద్దు. ఆమె ఏం చేసినా అడ్డుచెప్పవద్దు. పూలమ్మ ఆమె ఒళ్లోనే ఉండనీ, బడి పోతే పోయింది. అదృష్టం ఉంటే తప్ప ఏ పిల్లకూ అట్లాంటి ఒడి దొరకదు.

మంచి కోడిని చూసి కొయ్యి. సాగనంపేటప్పుడు పసుపూ కుంకుమా చీరా రైకబట్టా పెట్టు, ఏ లోటూ రానివ్వకు. నువ్వు చేస్తే నేను చేసినట్టే, నేనూ వచ్చి మళ్లీ చేస్తాను.

ఈ ఉత్తరం త్వరగా అందాలని ఎక్స్‌ప్రెస్ డెలివరీ బిళ్ల అంటిస్తున్నాను.

నీ తమ్ముడు
యాకయ్య


నర్సంపేట తాలూకా,
27 ఏప్రిల్ 1981

యాకయ్యా,

పూలమ్మ లేదు.

పోయి ఐదు రోజులైంది. రాయడానికి ఇన్నాళ్లూ చేతులు రాలేదు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక ముందే చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఎక్కడ తప్పు చేశామో నువ్వైనా చెప్పు.

మొదట ఒళ్లు కాలిపోయింది. తలనొప్పి, వెలుతురు చూడలేనంది. తర్వాత కాళ్ల మీదా చేతుల మీదా ఎర్రగా మచ్చలు లేచాయి. అత్తమ్మ చూసి అమ్మ పోసిందన్నది. వేపాకు పరిచి పడుకోబెట్టాం, వేపమండ గుమ్మానికి కట్టాం. అప్పుడే నీకు రాశాను. నేను చిన్నప్పుడు మన ఊళ్లో అమ్మ పోసినవాళ్లను చూశాను కదా, ఇది వేరుగా ఉందని అనిపిస్తూనే ఉంది. పొక్కుల్లో నీరు లేదు. అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ కూడా మచ్చలే. అత్తమ్మతో అంటే “అమ్మకు నూరు రూపాలు” అన్నది.

చివరికి మీ బావ ఆగలేకపోయాడు. “ఇగ నేను ఎవ్వలి మాట ఇన, బిడ్డ సగం అయింది” అని ఎడ్లను కట్టాడు. బండిలో గడ్డి పరిచాడు. పిల్లను ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చాను. అదే వేళకు పోస్టు వచ్చింది. నువ్వే వచ్చినంత సంతోషమైంది. అక్కడే నిలబడి అందరికీ వినబడేలా చదివాను. నర్సంపేట వద్దన్నావు. గడప దాటనివ్వవద్దన్నావు. పూలమ్మను ఆమె ఒళ్లోనే ఉండనిమ్మన్నావు. మీ బావ ఆ మాటలు రెండుసార్లు చదివించుకున్నాడు. “డాక్టర్ల కాడ ఉండేటోడు, ఊకెనే రాయడు” అన్నాడు. ఎడ్లను విప్పేశాడు.

కోడిని కొయ్యమన్నావు, చెరువుకట్ట మైసమ్మకు కోశాం. కట్టమ్మ తల్లి అని నువ్వు రాసింది ఆ తల్లినే అని అత్తమ్మ చెప్పింది. నా పెళ్లి చీర పెట్టాం, పసుపు కుంకుమలు పెట్టాం. ఏ లోటూ చేయలేదు. మర్నాడు పొద్దున పూలమ్మ కుక్కను పిలవమంది. పులిగాడు వచ్చి మంచం కింద పడుకున్నాడు. దాని చెయ్యి కుక్క వీపు మీద ఉండగానే పోయింది. అమ్మను అంత బాగా చూసుకున్నాం కదా, ఎందుకు తీసుకుపోయింది?

కబురు విని మన అవ్వ వచ్చింది. నెక్కొండ నుంచి నడిచీ బస్సెక్కీ ఎట్లా వచ్చిందో, చెప్పుల్లేకుండా వచ్చింది. ఇన్నేళ్లకు మొదటిసారి మా గడప తొక్కింది, అప్పటికే పిల్లను కడిగి బయట పడుకోబెట్టాం. దాని మొహం చూసి “నా పేరు లేకుంటె ఏమాయె, నా మొకమే పెట్టుకొని పుట్టిందిరా” అని నేల మీద పడిపోయింది. ఇప్పుడు ఇక్కడే ఉంది. అవ్వే వండి పెడుతోంది.

మీ బావకు మొన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. కుక్కను చూసి ఏడుస్తూ ఉంటాడు. పూలమ్మ చేసినట్టే ఒళ్లో పెట్టుకుని పిడుదులు చిదుముతుంటాడు. వద్దన్నా వినడు. ఇవాళ తల పగిలిపోతోందన్నాడు. అమ్మ ఆయన మీదికి కూడా వచ్చిందేమో. ఈసారి ఏం చేయాలో రాయి.

చిలుకమ్మ


సాగర
2 మే 1981

అక్కా,

నీకు పొద్దునే టెలిగ్రాం, అదే తార్, ఇచ్చాను. ఇది అందేసరికి అది అంది ఉంటుంది. బావను దవాఖానకు తీసుకుపో, అమ్మ కాదు, పిడుదు జ్వరం అని అందులో ఉంది. మందు పేరు కూడా ఉంది, టెట్రాసైక్లిన్. అది అందకపోయి ఉంటే, ఈ ఉత్తరం ఇక్కడే ఆపి ముందు బండి కట్టించు. మిగతాది తర్వాత చదువు.

డాక్టరు గారికి నీ ఉత్తరం చదివి చెప్పాను. అరచేతుల్లో మచ్చలన్నప్పుడు ఆయన చేతిలో సీసా కింద పెట్టేశారు. ఇది ఇక్కడి కోతుల జ్వరం కాదట. దీన్ని తెచ్చేది బ్యాక్టీరియా వంటి చిన్న జీవి, కుక్కల పిడుదుల్లో, కుందేళ్ల పిడుదుల్లో ఉంటుందట. పిడుదు కరిచినా, చిదిమిన గోటి సందుల్లోంచి పోయినా మనిషికి వస్తుందట. మీ వైపు అడవుల్లో ఉందని ఆయన ఎక్కడా చదవలేదట. కోతుల జ్వరానికి మందు లేదు, దీనికి ఉంది. మామూలు గోళీలే. ముందుగా ఇస్తే రెండు మూడు రోజుల్లో మనిషి లేచి కూర్చుంటాడట.

ముందుగా ఇస్తే అన్న మాట రాశాక, అమ్మ వచ్చిందని నువ్వు రాసిన ఉత్తరం మీద తేదీ చూశాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నువ్వు అమ్మ వచ్చిందని రాశావు. నేను మన అవ్వ వచ్చిందనుకున్నాను. ఎనిమిదేళ్ల అలక తీరిందనుకున్నాను. పూలమ్మ అమ్మమ్మ ఒళ్లో కూర్చుని బడి ఎగ్గొడుతోందనుకున్నాను. బావ ఆమెను సినిమాకో బజారుకో నర్సంపేట తిప్పుకొస్తానంటున్నాడు అనుకున్నాను. గడప దాటనివ్వకు అన్నది అవ్వను అక్కా. కోడి అవ్వకు. చీర అవ్వకు. నోటితో చెప్పుకుని ఉంటే మనిద్దరికీ అవ్వ వేరు, అమ్మ వేరు. కాగితం మీద ఒకటి చేసింది నేనే, నిన్ను చూసి నవ్వి. నీ ఉత్తరంలో మన అవ్వ వచ్చింది అన్న ముక్క కనబడగానే నీ పాత ఉత్తరం తీసి మళ్లీ చదివాను. మొదటిసారి వచ్చింది ఎవరో అప్పుడు తెలిసింది. కుందేలు చచ్చిందని కూడా రాశావు. పిడుదులు ఏరడం తప్ప వేరే పని లేనివాడిని, ఆ మాట మీద నా కన్ను ఆగనే లేదు. సంతోషంతో దాటేశాను.

ఈ సంగతి నీకు చెప్పకుండా బావ మందు సంగతి మాత్రమే రాయవచ్చు. కానీ ఇది అమ్మ కాదని చెబితే, అది కూడా అమ్మ కాదని నీకు తెలిసిపోతుంది. అప్పుడు మా తమ్ముడు తెలిసి కూడా ఎందుకు వద్దన్నాడని నువ్వు అడుగుతావు. అమ్మకు ఏం లోటు చేశామని నువ్వు మళ్లీ మళ్లీ ఏడవడం కూడా నేను చూస్తూ ఊరుకోలేను. మీరేం లోటు చేయలేదు. బావ బండి కట్టాడు. నేను విప్పించాను.

డాక్టరు గారు సెలవిచ్చారు. రైలెక్కడానికి ధైర్యం చాలడం లేదు. ముందు ఈ ఉత్తరం చదువు. నా మొహం చూడగలనని అనిపిస్తే రమ్మను, ఆ రోజే బయలుదేరతాను.

యాకయ్య


నర్సంపేట తాలూకా,
20 మే 1981

తమ్ముడా,

మీ బావ బతికాడు.

తార్ వచ్చిన రోజు ఇంట్లో పెద్ద గొడవ. సోమక్కత్త గుమ్మానికి అడ్డం కూర్చుంది. “ఒక్కపారి బండి గట్టిండని అమ్మ గుస్స అయి బిడ్డను తీస్కపోయె, మల్ల గడ్తరా?” అన్నది. ఆమెదీ కొడుకే కదా, ఆమె భయం ఆమెది. అవ్వ వంటింట్లోంచి వచ్చింది. “ఎనిమిదేండ్లు నా పంతం నేను నడిపిచ్చుకున్న, ఏం మిగిలింది వదినా? జర పక్కకు జరుగు, నా బిడ్డ పసుపు కుంకుమ నిలువనీ” అని రెండు చేతులూ పట్టుకుంది. అత్తమ్మ అప్పుడు జరిగింది. నర్సంపేటలో డాక్టరుకు తార్ కాగితమే చూపించాను. గోళీలిచ్చాడు, వరంగల్లు పెద్ద దవాఖానకు పంపాడు. మూడో పూటకు మీ బావ కళ్లు తెరిచి, ఆకలేస్తోందని గటక అడిగాడు. గోళీలు చూస్తే ఇంతింతే ఉన్నాయి, సగం పసుపు సగం ఎరుపు. ఏ దుకాణంలోనైనా ఉంటాయట. ఒకటి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

మీ డాక్టరు గారు రాశారేమో, హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు. అడవి అంచున తెల్లగుడ్డ ఈడ్చారు. పులిగాడి నెత్తురు తీసుకున్నారు, గొర్రెల పిడుదులు సీసాల్లో వేసుకున్నారు. చచ్చిన కుందేళ్లు కనబడితే చెప్పమన్నారు. ఈ జ్వరం ఇటువైపు ఉందని ఇప్పుడు కాగితాల్లో రాస్తారట. పూలమ్మ పేరు రాస్తారా అని అడిగాను. పేర్లు రాయరట, బాలిక, ఎనిమిదేళ్లు అని రాస్తారట.

నీ ఉత్తరం నేనొక్కదాన్నే చదివాను. మీ బావకు పిడుదుల సంగతి, గోళీల సంగతి మాత్రం చదివి వినిపించాను. మిగతాది చదవలేదు. అవ్వకూ చెప్పలేదు. తాను రాకపోవడం వల్లే ఇదంతా జరిగిందని తెలిస్తే ఆమె బతకదు. పూలమ్మను అమ్మే తీసుకుపోయిందని మీ బావ నమ్ముతున్నాడు, నమ్మనీ. బండి ఎందుకు విప్పానా అని ఆయన తనను తాను తినకుండా ఉంటే చాలు.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. లేదని రాస్తే నువ్వు నమ్మవు. పొద్దున లేవగానే ఉంటుంది. కాసేపటికి నేను రాసిన ముక్కలు గుర్తొస్తాయి. జ్వరం అన్న ఒక్క మాట రాసి ఉంటే నీకు తెలిసేది. పక్కన అత్తమ్మ ఉందని రాయలేదు. ఆ కోపం నా మీద. నువ్వు నిజం రాశావు, దానికి మాత్రం నిన్ను తప్పు పట్టను. రాయకపోతే ఈయన కూడా ఉండేవాడు కాదు.

ఒక కష్టం వచ్చి పడింది. మీ బావ ఊరంతా తిరిగి “నా బామ్మర్ది తార్ కొట్టకపోతే నేను సుత పోతుంటి, వాడు నా పాలిటి దేవుడు” అని చెబుతున్నాడు. నువ్వు దిగే రోజు తెలిస్తే నెక్కొండ స్టేషనుకు బండి కట్టుకుని వస్తాడట. నువ్వు రైలు దిగగానే పదిమందిలో నీ కాళ్లు మొక్కుతాడట. చిన్నవాడి కాళ్లు మొక్కడమేందయ్యా అంటే వినడం లేదు. ఆయన వంగినప్పుడు నువ్వు నా మొహం చూస్తావు, నేను నీ మొహం చూస్తాను. అది నా వల్ల కాదు తమ్ముడా. నీ వల్ల కూడా కాదు.

అందుకని ఇప్పుడు రాకు. నేను రమ్మని రాసేదాకా రాకు. ఎప్పుడు రాస్తానో నాకే తెలియదు. నీ కోసం రోజూ అడుగుతున్నాడు కాబట్టి సెలవు దొరకలేదని ఆయన పేరు మీద ఒక కార్డు రాయి. చదివి వినిపిస్తాను.

నీ అక్క
చిలుకమ్మ


సాగర
28 మే 1981

మొండయ్య బావకు యాకయ్య దండాలు.

నీకు నయమైందని అక్క రాసింది. గోళీలు మధ్యలో మానకు. కుక్కకు పిడుదులు పట్టకారుతోనే తియ్యి. అవ్వ ఇంకా కొన్నాళ్లు అక్కడే ఉంటే బాగుంటుంది. నేను రావాలని చాలా అనుకున్నాను. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, మనుషులు తక్కువున్నారు. సెలవు దొరకలేదు.